తాళం వెయ్యని ఏడు రోజులు

బ్యూనస్ ఐరిస్‌లో జూలై అంటే చలికాలం.
నహూమ్ గ్రిన్‌ఫెల్డ్ ఇల్లు మూడో అంతస్తు.
తలుపు దగ్గరగా వేసి ఉంది, అంతే.
నలభై ఏళ్ళు పేటందరికీ తాళాలు బిగించిన మనిషి ఇంటికి
ఈ ఏడు రోజులూ తాళం వెయ్యరు.
గంట కొట్టకూడదు. తట్టకూడదు.
గాలిలా తోసుకుని రావాలి.

పలకరించడానికి వచ్చినవాడు
పలకరించకూడదు.
ఆమె నోరు విప్పేదాకా నేను విప్పకూడదు.
మెట్లెక్కుతూ కూడగట్టుకున్న మాటలన్నీ
తడి గొడుగుతో పాటు తలుపు వెనక వదిలేశాను.

మంచివాణ్ణి కాబట్టి రాలేదు.
ప్రార్థనకు పదిమంది కావాలి,
తొమ్మిదిమందే ఉన్నారని కబురొచ్చింది.
లెక్కకు వచ్చాను.

అద్దం మీద దుప్పటి కప్పారు.
అది పొట్టిదై కింద రెండు వేళ్ళ మేర
అద్దం కనిపిస్తోంది,
అందులో నా బూట్లు, తుడవనివి.

సులమీతా పసిపిల్లల పీట మీద కూర్చుంది.
పీట మీద ఎవరో మనవరాలికని గీసిన బాతు,
దాని ముక్కు మాత్రం ఆమె గౌను పక్కనుంచి
బయటికి పెట్టుకుని చూస్తోంది.
కూతురు దెవోరా స్వెటర్ మీద ఎడమవైపు జానెడు చిరుగు.
తండ్రి కోసం గుండె మీదే చించుకోవాలి.

మొదటి ముద్ద ఇరుగుపొరుగు పెట్టాలి.
కింది అంతస్తు బెన్వెనీద
గుడ్లూ పొట్టు తియ్యని మిసూరు పప్పూ ఉడికించి తెచ్చింది.
"ఈ గింజకు నోరుండదు చూడు,
దుఃఖంలో ఉన్నవాళ్ళకూ ఉండదు, అందుకే" అంది
వంటింట్లో, గొంతు తగ్గించి.
ఒకటి వేలి కొసన పెట్టుకుని చూశాను.
నిజమే. ఎక్కడా చీలిక లేదు.

పదకొండేళ్ళ కింద చదరంగం బల్ల దగ్గర
నేను ఏనుగును ముట్టుకున్నానన్నాడు నహూమ్.
ముట్టుకోలేదన్నాను.
ఆనాటి నుంచి మా ఇద్దరికీ నోళ్ళు లేవు.
ముట్టుకున్నాను.

ఎంతసేపు కూర్చున్నామో.
కింద బస్సు పోయినప్పుడల్లా
అలమరలో గ్లాసులు వణికేవి.
చివరికి ఆమే అంది,
"ఇంటి తాళంచెవి ఎన్నిసార్లు పోగొట్టుకున్నాడో తెలుసా, ఫైవెల్?
తాళాల మేస్త్రీ!
నేను బజారు నుంచి వచ్చేదాకా
అదిగో, ఆ మెట్ల మీద కూర్చునేవాడు,
బడి ఎగ్గొట్టిన పిల్లాడిలా."
ఎవరో నవ్వారు. అందరం నవ్వాం.
ఆమె నవ్వు మాత్రం సగంలో దారి మార్చుకుంది.
ఊరుకో అని ఒక్కరూ అనలేదు.
పోనిచ్చాం, ఎంతదూరం పోతే అంతదూరం.

లేచి వెళ్ళేటప్పుడు అనాల్సిన మాట ఒకటుంది.
హీబ్రూలో దేవుడికున్న పేర్లలో ఒక పేరు, చోటు.
సీయోను కోసం, యెరూషలేము కోసం
దుఃఖించేవాళ్ళందరి నడుమ
ఆ చోటు నిన్ను ఓదార్చుగాక.
చిన్నప్పటినుంచీ నోటికొచ్చిన మాటే.
ఆమె పక్కన ఖాళీగా ఉన్న
పాత కుర్చీని చూస్తూ అన్నాను,
అందుకేనేమో మధ్యలో తడబడ్డాను.
వెళ్ళొస్తాననలేదు.

ఏడో పొద్దున మళ్ళీ వెళ్ళాను,
ఈసారి లెక్కకు ఎవరూ పిలవలేదు.
లే అమ్మా, అన్నారు పెద్దాయన ఒకరు.
మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది.
వీధులు నాలుగూ కలిసేలా ఒక చుట్టు నడిచాం,
మూసిన కొట్టు మీదుగా,
రొట్టెల వాసన మీదుగా.
కొట్టు ముందు ఆగుతుందనుకున్నాం.
ఆగలేదు, నడక కాస్త వేగం చేసింది.

తిరిగొచ్చి తలుపు ముందు
కోటు జేబులు రెండూ తడుముకుంది.
ఒకసారి. మళ్ళీ.
దెవోరా తలుపును మెల్లగా తోసింది,
తెరిచే ఉంది.

నా ఇంటి తాళంచెవి నహూమ్ కోసిందే.
మొదటి రోజే కాస్త పట్టేసింది.
తీసుకురా, అర నిమిషం ఆకురాయి పెడితే చాలు అన్నాడు.
ఆ తర్వాతి ఆదివారమే చదరంగం.
ఈ రాత్రీ చీకట్లో
కొంచెం పైకెత్తి తిప్పాను.